ఎయిర్ రైఫిళ్లకు పాత స్కూబా సిలిండర్లు

పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అదిమిన గాలితో పేలుతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. రైఫిల్‌కుండే చిన్న సిలిండర్‌ను సాధారణంగా 200 బార్ దాకా నింపుతారు. చేతిపంపుతో అలసిపోయేవారు డైవర్ల పాత స్కూబా సిలిండర్‌ను ఆశ్రయిస్తారు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ వద్ద సుమారు 2,200 లీటర్ల గాలి ఉంటుంది. వాల్వు తెరిస్తే రెండింటి పీడనం సమమయ్యేదాకా గాలి ప్రవహిస్తుంది. కాబట్టి వాడేకొద్దీ నిండే పీడనం తగ్గుతూ వస్తుంది.

పాత సిలిండర్ కొనేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, భుజం మీద చెక్కిన ముద్ర: పని పీడనం, చివరి హైడ్రోస్టాటిక్ (నీటి పీడన) పరీక్ష తేదీ. 6351 మిశ్రమంతో చేసిన పాత అల్యూమినియం సిలిండర్ల మెడ దగ్గర పగుళ్లు రావడం తెలిసిన సంగతే. అలాంటిది చవగ్గా దొరికినా వద్దు. మన దేశంలో 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల ప్రకారం పీసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) గుర్తింపు ఉన్న కేంద్రంలోనే పరీక్ష చేయించాలి. తుప్పు, సొట్ట, చెరిగిన ముద్ర ఉన్నవాటిని పక్కన పెట్టేయాలి.

నింపేది పొడి గాలి మాత్రమే. ఆక్సిజన్ ఎన్నడూ వద్దు: నూనె జిడ్డు తగిలితే మంటే. వాల్వును మెల్లగా తిప్పాలి, లేకుంటే గాలి వేడెక్కుతుంది. రైఫిల్ సిలిండర్‌కూ తయారీదారు గడువు, తరచుగా పదేళ్లు, ఉంటుంది.

నిండు సిలిండర్‌ను ప్రయాణికుల రైలెక్కించడం నిషిద్ధం.