గ్లోరియా కోసం నాలుగు వారాలు

క్రిస్మస్ పాటలంటే డిసెంబరు 24 అర్ధరాత్రే గుర్తొస్తుంది. కానీ ఏలూరైనా, తాడేపల్లిగూడెమైనా, కొల్లేటి లంకైనా, ఆర్‌సీఎం చర్చి పాటల బృందానికి అసలు పరీక్ష అంతకు ముందు నాలుగు ఆదివారాలు. అది ఆగమన కాలం. ఆ ఆదివారం పూజల్లో గ్లోరియా పాడరు. ప్రాక్టీసు మాత్రం దానికే చెయ్యాలి.

ఆ రాత్రి దాన్ని ఎవరు ఎత్తుకోవాలన్నదానికీ ఓ చరిత్ర ఉంది. 1903లో పదో పయస్ పోపు, గుడిలో పాడటం పూజాసేవ కనుక ఆడవాళ్లు గాయక బృందంలో ఉండకూడదన్నాడు. పియానో, డోలు లాంటి మోత వాద్యాలూ వద్దన్నాడు. భాష లాటిన్. 1963లో రెండో వాటికన్ మహాసభ మాతృభాషకు తలుపు తీసింది. ఆయా జనాల సంగీతాన్ని గౌరవించమంది, సభంతా గొంతు కలపాలంది. 1967 నాటి సూచనలు బృందంలో స్త్రీలకు చోటిచ్చాయి. ఏలూరు మేత్రాసనం పుట్టింది ఆ తర్వాతే, 1976లో.

కాబట్టి ఈ డిసెంబరులో తబలా దరువు మీద ఓ అమ్మాయి గ్లోరియా అందుకుంటే, అది అనాదిగా వస్తున్న ఆచారం అనుకోకండి. మన అమ్మమ్మల చిన్నతనంలో, కనీసం రాతలో, ఆ చోటు వాళ్లది కాదు. బృందం నడిపేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: కీబోర్డు సౌండు పెంచి వెనక బెంచీల గొంతులు ముంచేస్తే, అంత కష్టపడి తెరిచిన తలుపును మళ్లీ మూసినట్టే.