డ్యూక్ లక్రాస్ కేసు

డ్యూక్ లక్రాస్ కేసు అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, డర్హమ్ నగరంలో 2006–07లో నడిచి వీగిపోయిన అత్యాచారం కేసు. 2006 మార్చి 13 రాత్రి డ్యూక్ విశ్వవిద్యాలయ లక్రాస్ జట్టు విందులో నృత్యం చేయడానికి వచ్చిన నల్లజాతి యువతి ఫిర్యాదుపై ముగ్గురు తెల్లజాతి ఆటగాళ్లు నిందితులయ్యారు. కేసు నడిపిన డిస్ట్రిక్ట్ అటార్నీ మైక్ నైఫాంగ్ అప్పుడు ఎన్నికల బరిలో ఉన్నాడు. ఎవరిపైనా అభియోగం నమోదు కాకముందే కోచ్ రాజీనామా చేశాడు, ఆ ఏటి ఆటలు రద్దయ్యాయి. క్యాంపస్‌లో జాతి, లింగ వివక్షలను ప్రస్తావిస్తూ 88 మంది అధ్యాపకులు విద్యార్థి పత్రికలో ప్రకటన వేయించారు. సేకరించిన నమూనాల్లో జట్టుకు సంబంధంలేని పురుషుల డీఎన్ఏ బయటపడినా, ప్రయోగశాల నివేదికలో ఆ సంగతి రాయలేదు. 2007 ఏప్రిల్ 11న రాష్ట్ర అటార్నీ జనరల్ రాయ్ కూపర్ అభియోగాలను కొట్టివేయడంతో సరిపెట్టక, ముగ్గురూ నిర్దోషులని ప్రకటించాడు. కేసు నడిపిన తీరుకు జూన్‌లో నైఫాంగ్ న్యాయవాద వృత్తి నుంచి బహిష్కృతుడయ్యాడు. ఆరోపణ అబద్ధమని ఫిర్యాదుదారు 2024లో ఒప్పుకుంది.