జనవాక్యమును కొలుచువారు

రాజ్యము నేలువానికి కోటయు, సైన్యమును, ధాన్యాగారమును ఎంత యావశ్యకములో, ప్రజలు తన్ను గూర్చి యేమనుకొనుచున్నారో తెలిసికొనుటయు నంతియే యావశ్యకమని మన పూర్వు లెఱిగియుండిరి. ఉత్తరకాండమున భద్రుడనువాడు పురజనుల మాటలను శ్రీరాముని చెవిని వేయగా, దాని ఫలమును సీతాదేవి యనుభవింపవలసి వచ్చెను. జనవాక్య మెంత బలవత్తరమో, దానిని మోసికొని వచ్చువానిపై నెంత భారమున్నదో తెలియుట కీ కథ యొక్కటి చాలును.

కౌటిల్యుడు దీని నొక శాస్త్రముగనే తీర్చెను. అర్థశాస్త్రపు మొదటి యధికరణమున ఆయన విధించిన పద్ధతి యిది: గూఢచారు లిద్దఱు తీర్థములందును, సభలందును, జనులు గుమిగూడు చోట్లను వాదులాడుకొనవలెను. ఈ రాజు గుణవంతుడని వినుచున్నాము గాని, దండములచేతను పన్నులచేతను జనులను పీడించుచున్నాడే యని యొక డనును. అందుకు తలయూపువారిని కనిపెట్టి రెండవవాడు అడ్డుపడును. బలవంతుడు బలహీనుని మ్రింగు మాత్స్యన్యాయముచే బాధపడిన ప్రజలు మనువును రాజుగా వరించి, పంటలో నాఱవ పాలును సరకులో పదవ పాలును ఇచ్చుట కొప్పుకొన్న వృత్తాంతము చెప్పి, రాజును సమర్థించును. అభిప్రాయమును తెలిసికొనుట, దానిని మలచుట యను రెండు పనులును ఒక్క సంభాషణలోనే నెఱవేఱును.

ఈ విద్య జీతమునకు కుదురు వృత్తిగా మాఱుట యిరువదవ శతాబ్దమున అమెరికాలో జరిగెను. 1933లో క్లెమ్ విటేకర్, లియోన్ బాక్స్‌టర్ అనువారు కాలిఫోర్నియాలో ఎన్నికల ప్రచారమే పనిగా నొక సంస్థను నెలకొల్పి, మఱుసటి యేట గవర్నరు పదవికి నిలిచిన అప్టన్ సింక్లేర్ నవలలలోని పాత్రల మాటలను ఆయన సొంత మాటలుగా పత్రికల కెక్కించి, ఆయన యోటమికి తోడ్పడిరి. 1959లో స్థాపితమైన సిమల్మాటిక్స్ సంస్థ ఓటర్లను 480 వర్గములుగా విభజించి కంప్యూటరున కప్పగించెను. ఆ సంఖ్యనే పేరుగా నుంచి యూజీన్ బర్డిక్ 1964లో ఒక రాజకీయ నవలను వెలయించి, సలహాదారులు లెక్కలు కట్టి నాయకుని తయారుచేయు విధమును చూపి, పాఠకులను హెచ్చరించెను.

తెలుగునాట 1940 దశకమున ప్రజానాట్యమండలి బుఱ్ఱకథలు పల్లెలను కదలించెను. 1982 మార్చి 29న తెలుగుదేశమును స్థాపించిన ఎన్.టి. రామారావు చైతన్యరథముపై ఊరూర తిరిగి, తొమ్మిది నెలలు దాటునప్పటికి అధికారమును గైకొనెను. 1984 ఆగస్టున పదవీచ్యుతుడైనపుడు పెల్లుబికిన జనాగ్రహము ఆయనను నెల తిరుగునప్పటికి మరల గద్దె నెక్కించుటకు తోడ్పడెను. ఆనాడు నాయకుని కంఠమును జనుల చెవియు ఎదురెదురుగ నుండెను. 2017 జూలైలో తన పార్టీ గుంటూరు ప్లీనరీ వేదికపై జగన్మోహనరెడ్డి ఎన్నికల సలహాదారుడైన ప్రశాంత్ కిశోరును కార్యకర్తలకు పరిచయము చేయుటతో మన రాజకీయములలో సలహాదారుడు తెర ముందుకు వచ్చెను. 2019లో ఆంధ్ర శాసనసభ యెన్నికలలో ఆ పార్టీకి 175 స్థానములలో 151 లభించెను. 2023లో కర్ణాటకమున సునీల్ కనుగోలు వ్యూహరచనతో కాంగ్రెసు 224లో 135 గెలువగా, ఆయన ముఖ్యమంత్రికి సలహాదారుడై మంత్రి హోదా నందెను.

ఎన్నికలలోనే గాక, జనుల సమ్మతిని అడుగు పనులలోను కొందఱు లెక్కకు రాకపోవుదురు; ఇందుకు నిదర్శనము ఈ రెండు రాష్ట్రముల సంధిలోని పావగడ తాలూకా. తుమకూరు జిల్లాకు చెందినను దానిని ఆంధ్రభూమియే మూడు వైపుల చుట్టియున్నది. అచటి క్యాతగానచెర్లులో నోట తెలుగు, ఓటు కర్ణాటకమునకు. ఈ యూరితోపాటు తిరుమణి, వళ్ళూరు, బలసముద్రము, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములపై 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వెలసినది. ప్రభుత్వము భూమిని కొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్లకొకమారు నూటికైదు పెంచు నియమముతో కౌలునకు పుచ్చుకొనెను. వరుస కఱవులలో వేరుసెనగ చేలు మాడిపోగా అలసిన రైతులు, భూమి తమదిగనే నిలుచునను నమ్మకముతో సమ్మతించిరి. యజమాని సమ్మతిని కోరి సాగిన ఈ పద్ధతి ప్రశంసార్హమే. కాని సమ్మతి పట్టా గలవానిది. ఆ చేలలోనే కలుపు తీసి, కాయలు ఒలిచి బ్రతికిన కూలికిని, బీళ్ళలో గొఱ్ఱెలు మేపుకొన్న కాపరికిని కౌలులో పాలు లేకపోగా, ఉన్న పనియు పోయెను.

భద్రునినాటినుండి నేటి సర్వేవఱకు ఈ వృత్తిలో మాఱనిది యొక్కటి: ఎవరిని అడుగవలెనో, ఏమడుగవలెనో అడుగువాని యవసరమే నిర్ణయించును. కొలుచుటకు వచ్చినవాడు కొలిపించుకొన్నవాని ధనమునకు బద్ధుడు గాని మనకు గాడు. అట్లని అతడు సర్వశక్తుడును గాడు. 151 స్థానములు వచ్చిన పార్టీకే, 2019లో దానికి పనిచేసిన సలహా సంస్థయే మరల పనిచేయగా, 2024లో దక్కినవి 11. కావున మీ గడపలోనికి ప్రశ్నావళితో వచ్చువానికి సమాధానము చెప్పుటకు ముందు, నీకు జీత మిచ్చున దెవరు, మా వాడలో నీ వెవరిని అడుగకుండ పోవుచున్నావు అని తప్పక యడుగుడు.