బర్టన్ బావుల కథ

మా వంటింటి అలమరలో ఉప్పు డబ్బా పక్కన ఒక తెల్లపొడి పొట్లం ఉంటుంది. జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు. బీరు కాచే రోజున పొయ్యి వెలిగించే ముందు ఒక చెంచాడు నీళ్ళలో కలుపుతాను. ఇక్కడ అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం దారి తెరిచింది. నాకిది ఆదివారం పని. కానీ ఆ చెంచా ఎత్తినప్పుడల్లా ఇంగ్లండులో ట్రెంట్ నది ఒడ్డున ఉన్న బర్టన్ గుర్తొస్తుంది. ఈ తెల్లపొడి వల్లే వెలిగి, ఈ తెల్లపొడి వల్లే మసకబారిన ఊరది.

బర్టన్‌లో బీరు కాచేవాళ్ళు నది నీళ్ళు వాడలేదు, బావులు తవ్వుకున్నారు. ఆ నేల కింద జిప్సం పొరలున్నాయి. వాటిలోంచి ఊరిన నీళ్ళలో లీటరుకు 600 మిల్లీగ్రాములకు పైగా సల్ఫేటు ఉండేది. మన ఇళ్ళలో అయితే పప్పు ఉడకని నీళ్ళంటారు. లేత రంగు బీరుకు మాత్రం అవే ప్రాణం. హాప్స్ అనే పువ్వుల చేదు నాలుక మీద సాగకుండా స్పష్టంగా పలుకుతుంది, బీరు తేటగా తేరుతుంది.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తాకూ మద్రాసుకూ ఓడలెక్కే బీరు లండన్‌లోని హాడ్జ్‌సన్ కుటుంబానిది. ధరల దగ్గరా అప్పుల దగ్గరా వాళ్ళు బాగా బిగించారు. 1822లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ క్యాంప్‌బెల్ మార్చ్‌బ్యాంక్స్ బర్టన్‌కు చెందిన శామ్యూల్ ఆల్సాప్‌ను పిలిచి, అలాంటిదే నువ్వూ కాయమన్నాడు. ఆల్సాప్ దగ్గర పనిచేసే జాబ్ గుడ్‌హెడ్ మొదటి విడతను ఒక టీ పాత్రలో కాచి చూశాడని చెప్పుకుంటారు. లండన్ నీళ్ళకు రాని రుచి ఈ నీళ్ళకు వచ్చింది. హాడ్జ్‌సన్ల ఏకఛత్రం కూలింది. 1880లకల్లా ఆ చిన్న ఊళ్ళోనే ముప్పైకి పైగా బీరు కర్మాగారాలున్నాయి.

వాటి పై అంతస్తులను ఒక్కసారి ఊహించుకోండి. చుట్టూ పలకల కిటికీలు. మధ్యలో గదంత వెడల్పున, లోతు లేని తొట్లు. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపినీళ్ళను హాప్స్‌తో మరిగించి వోర్ట్ తయారయ్యాక, ఆ తొట్లలో పోసి రాత్రంతా గాలికి చల్లార్చేవారు. ఆ గాలితోపాటు కంటికి కనబడనివీ వచ్చేవి. అందుకే చాలాకాలం అక్కడ చలికాలంలోనే కాచేవారు. 1871లో లండన్‌లో ఒక బీరు కర్మాగారానికి వెళ్ళిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్, సూక్ష్మదర్శినిలో వాళ్ళ ఈస్టును చూసి, అందులో చేరిన పరాయి జీవులను వాళ్ళకే చూపించాడు.

గాలితో పరాయి జీవులు చేరతాయన్న మాట నిజమేనని నాకు తెలిసొచ్చింది నా మొదటి బీరుతో. జూలై నెల. మరిగిన గిన్నెను సగం మూతతో రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే ఈస్టు వేశాను. పది రోజులకు మూత తీస్తే పులిసిన గంజి వాసన. ఇరవై లీటర్లూ పారబోశాను. పారబోస్తుంటే ఏడుపొచ్చింది. అరవై డిగ్రీల నుంచి ఇరవై అయిదు దాకా దిగే ఆ గంటలే బీరుకు గండం. ఇప్పుడు రాగి గొట్టపు చుట్టను గిన్నెలో దించి, లోపల చన్నీళ్ళు పారిస్తూ అరగంటలో ఇరవైకి దించుతాను. చల్లారాక వోర్ట్‌ను తాకే గరిటె, గొట్టం, డబ్బా అన్నిటినీ ముందు మురికి పోయేలా కడిగి, ఆ తర్వాతే శానిటైజర్‌లో ముంచుతాను. మురికి మీద శానిటైజర్ పనిచేయదు. బ్లీచ్ వాడి సరిగా కడగకపోయినా, కుళాయి నీళ్ళలో క్లోరిన్ మిగిలినా బీరుకు మందుల వాసన పట్టుకుంటుంది.

బర్టన్‌ను ముంచింది మాత్రం మురికి కాదు. 1878లో సి. డబ్ల్యు. విన్సెంట్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ నీటి గుట్టు విప్పాడు. ఏ ఊరి నీళ్ళలోనైనా జిప్సం కలిపితే అవి బర్టన్ నీళ్ళకు దగ్గరవుతాయి. వందల ఏళ్ళు నేల దాచుకున్న సొత్తు చెంచాల లెక్కకు వచ్చేసింది. బర్టన్‌లోనే కాయాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

ఆల్సాప్ సంస్థ 1887లో వాటాలు అమ్మింది, జనం ఎగబడి కొన్నారు. తర్వాత అప్పులు తెచ్చి ఎక్కువ ధరలకు పబ్‌లు కొంది. 1899లో అదే బర్టన్‌లో లేగర్ అనే మరో రకం బీరుకు కర్మాగారం కట్టింది. దాన్ని కొనేవాళ్ళు అప్పటికింకా లేరు. ఎంత గొప్ప పేరు! మద్రాసు కంటోన్మెంటు దాకా పాకిన పేరు! నాకు ఆ తొందరపాటు మీద కోపం రాదు, జాలే కలుగుతుంది. కాళ్ళ కింది బావికి విలువ పోయినప్పుడు మనిషి ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలనుకుంటాడు కదా.

1911లో ఆల్సాప్ సంస్థ, అప్పులవాళ్ళ తరఫున ఆస్తులు చూసే రిసీవర్ చేతికి వెళ్ళింది. 1934లో ఇండ్ కూప్ అనే మరో బీరు సంస్థలో కలిసింది. ఇంట్లో బీరు కాచేవాళ్ళకు సరుకులమ్మే అంగళ్ళలో ఇప్పుడొక చిన్న పొట్లం దొరుకుతుంది. దాని మీద ‘బర్టన్ వాటర్ సాల్ట్స్’ అని రాసి ఉంటుంది.