స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో మన చిత్తూరు అక్కల పత్రిక

2021 నవంబర్‌లో తిరుపతి వరద గుర్తుందా? కొండ మీంచి నీళ్లు మెట్లదారి వెంట ఉరికే వీడియోలు ముందు మన ఫోన్లలోకే వచ్చినాయి. టీవీల్లో ఆ వీడియోలే తిరిగినాయి. జనమే రిపోర్టర్లయ్యే కాలం ఇప్పుడే మొదలైందని నేనూ అనుకున్నా. వెనక్కిపోయి చూస్తే, మన దగ్గర అది అప్పటికే ఇరవై ఏళ్ల నాటి మాట.

2001లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ‘నవోదయం’ అనే పత్రిక పుట్టింది. నడిపింది పొదుపు సంఘాల ఆడవాళ్లు. పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు పథకం వాళ్లకు అండ. వార్తలు రాసింది పల్లెల్లోని పేదింటి అక్కలు, వాళ్లలో దళిత మహిళలూ ఉన్నారు.

తేడా ఎక్కడంటే, వరద వీడియో మనం తీస్తే, దాంట్లో ఏది వార్తో తేల్చింది టీవీ ఆఫీసు. నవోదయంలో ఆ తేల్చే పని కూడా అక్కలదే. ఊరి కష్టం వార్త అవునా కాదా అని వాళ్లు ఇంకొకర్ని అడగాల్సిన పనిలేదు.

అందుకే నా మాట ఇది. మన క్లిప్ వాడుకునే న్యూస్‌రూమ్ ముందు ఫోన్ చేసి ఎప్పుడు, ఎక్కడ తీశారో కనుక్కోవాలి. తీసినవాళ్లు సరేనంటే పేరు వేయాలి. నీళ్లు తీసినాక మళ్లీ ఆ వీధికొచ్చి, ఇప్పుడేం రాయాలో వాళ్లనే అడగాలి.

మనమూ వీడియోతో పాటు ఊరు, తేదీ రాసి పంపుదాం. ఇంతకీ మీ వీధిలో ఇంతవరకు ఎవరూ రాయని వార్త ఏంది? ఆలోచించండి. మళ్లీ కలుద్దాం.