దున్నదూడకు దక్కని పాలు

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లాలోని కంధార్ పేరు చెబితే రైతులకు గుర్తొచ్చేది ఎర్ర ఎద్దులు. లాల్ కంధారి జాతికి పుట్టిల్లు అదే. ఈ రేగడి నేలల్లో ఆవు కోడెదూడను ఈనితే ఇల్లంతా సంతోషం. మూడేళ్ళకు కాడి మోస్తుంది కనుక దానికి పాలు వదిలేవారు. బర్రెకు దున్నదూడ పుడితే ఆ ఆశ లేదు. మాంసానికి పోయే దూడల కష్టం ఇక్కడ ముఖ్యంగా దానిదే.

పాలు పిండేటప్పుడు చూడండి. దూడను వదలగానే అది పొదుగును కుమ్మి నాలుగు గుక్కలు లాగుతుంది, బర్రె చేపుతుంది. వెంటనే మెడతాడు పట్టి లాగి తల్లి ముందు గుంజకు కట్టేస్తారు. తల్లి దాన్ని నాకుతూ ఉంటే పాలు బకెట్‌లోకి పోతాయి. పెయ్యదూడకైతే ఒక చన్ను మిగులుస్తారు. దున్నదూడ చస్తే దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టే పద్ధతీ ఉంది. అంతకన్నా క్రూరమైన మోసం నాకు తోచదు.

1956 దాకా నాందేడ్, ఆదిలాబాద్, నిజామాబాద్ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. 1950 నాటి పశువధ చట్టమూ ఒకటే. 1958లో మహమ్మద్ హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు ఆవులు, ఆవుదూడలతో పాటు గేదెదూడల వధపైనా పూర్తి నిషేధం చెల్లుతుందని తీర్పిచ్చింది. నాందేడ్ మహారాష్ట్రకు, మిగతా రెండూ ఆంధ్రప్రదేశ్‌కు పోవడంతో ఆ తర్వాత చట్టాల దారులు వేరయ్యాయి. 1976 మహారాష్ట్ర చట్టం ఆవుదూడను కాపాడి, గేదెదూడను సర్టిఫికెట్ ఉంటే కోయవచ్చంది. 1977 ఆంధ్రప్రదేశ్ చట్టం గేదెదూడనూ కోయకూడదంది. మహారాష్ట్ర సరిహద్దులోని ధర్మాబాద్ దాటి, ఆ చట్టమే కొనసాగుతున్న తెలంగాణలోని బాసరకు వస్తే అదే దూడకు చట్టం మారిపోతుంది! 2015లో మహారాష్ట్ర ఎద్దులనూ నిషేధంలో చేర్చింది, గేదెలను చేర్చలేదు.

యూరప్‌లో వాదన మరోలా నడిచింది. దూడను కోయాలా వద్దా అని కాక, ఎలా పెంచుతున్నారని అడిగారు. 1964లో రూత్ హారిసన్ పుస్తకం ‘యానిమల్ మెషీన్స్’ దూడలు అటూ ఇటూ తిరగలేని ఇరుకు చెక్క గదులను బయటపెట్టింది. బ్రిటన్ 1990లో వాటిని నిషేధించింది, యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి నిషేధం అమలైంది.

మన దగ్గర ఆ ప్రశ్న పూర్తిగా లేకపోలేదు. 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం పశువుకు చాలినంత తిండి, నీళ్ళు పెట్టకపోవడం నేరం. 2001 కబేళా నిబంధనలు మూడు నెలల లోపు పశువును కోయరాదన్నాయి. కానీ పాలందక ఎన్నో దున్నదూడలు ఆ మూడు నెలలే దాటవు; కొట్టంలో ఆకలి చావు ఏ రిజిస్టరుకూ ఎక్కదు. పదకొండో ప్రణాళిక కాలంలో కేంద్రం మగ గేదెదూడలను బతికించి మాంసానికి పెంచే పథకం తెచ్చింది. నాకది సరైన ఆలోచనే అనిపిస్తుంది. బతికినంత కాలం దూడ కడుపు నిండాలి కదా. పుట్టిన గంటలోపు జున్నుపాలు, ఆ తర్వాత మొదటి వారాల్లో రోజూ ఒంటి బరువులో పదో వంతు పాలు కావాలి. ముప్ఫై కిలోల దూడకు మూడు లీటర్లు. అవి రైతు పాల సేకరణ కేంద్రానికి పోసి డబ్బు తెచ్చుకునే పాలు. వాటి ఖర్చు ఎవరు భరించాలో సరిహద్దుకు అటువైపు చట్టమూ చెప్పలేదు, ఇటువైపు చట్టమూ చెప్పలేదు.