ఇంటి ఆక్వాపోనిక్స్‌లో చేపల మరణాలు: కారణ నిర్ధారణ (దక్షిణ రాయలసీమ)

చేపల తొట్టి నీటిని మొక్కల మడికి పారించి, అక్కడ వడగట్టుకున్న నీటినే మళ్లీ తొట్టికి పంపే పెంపకం ఆక్వాపోనిక్స్. చేపల మొప్పల నుంచి వెలువడే అమ్మోనియాను మడిలోని కంకరకు పట్టిన బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేటే మొక్కకు ఎరువు. ఈ వరుస ఎక్కడ తెగినా ముందు దెబ్బ తినేది చేప. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మిద్దె మీదో పెరట్లోనో ఇలా పెంచేవారికి కారణం తెలియకుండా చేపలు చనిపోతే, మొదట రోగం గుర్తొస్తుంది, మందు కోసం వెతుకులాట మొదలవుతుంది. కానీ ఇక్కడి ఎండలు, రాతినేల బోరు నీళ్లు, కరెంటు కోతల మధ్య ముందుగా అనుమానించవలసింది నీటినే.

చనిపోయిన వేళ, తీరు

మరణం ఏ వేళ జరిగిందన్నది మొదటి ఆధారం. తెల్లారేసరికి చచ్చి తేలితే ముందు ఆక్సిజన్ చాలలేదని అనుమానించాలి. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 35 డిగ్రీలకు అది 7 కంటే తగ్గుతుంది. మే నెలలో తిరుపతిలో పగటి వేడి 40 దాటుతుంది కనుక మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ తొట్టి సాయంత్రానికి బాగా కాగి ఉంటుంది. రాత్రి నాచు కూడా ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది. ఆ సమయంలో కరెంటు పోయి మోటారు ఆగితే కిక్కిరిసిన తొట్టిలో గంటల వ్యవధి కూడా దొరకదు. ఇలాంటి మరణాల్లో సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి. నోళ్లు తెరుచుకుని, మొప్పల మూతలు విచ్చుకుని ఉంటాయి.

తొట్టిలో తిలాపియాతోపాటు కొరమీను ఉంటే నిర్ధారణ తేలిక. కొరమీను పైకి వచ్చి గాలి పీలుస్తుంది. తిలాపియా, శీలావతి లాంటివి చచ్చి కొరమీను బతికిందంటే చాలావరకు ఆక్సిజన్ కొరతే కావచ్చు. అదీ చచ్చిందంటే విషాన్ని, అమ్మోనియాను వెతకాలి.

సాయంత్రం పూట మరణాలది వేరే కథ. నీరు పచ్చబడిన తొట్టిలో నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా ఎగబాకవచ్చు. అప్పుడు చంపేది అమ్మోనియా.

బోరు నీరు, అమ్మోనియా

పరీక్ష కిట్ చూపేది మొత్తం అమ్మోనియాను. అందులో విషరూపం ఎంతన్నది పీహెచ్, వేడి తేలుస్తాయి. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది వందకు ఒక వంతు కూడా ఉండదు. 8 అయితే ఏడు వంతులు దాటుతుంది. 9 దగ్గర నలభై పైమాటే. ఒకే కిట్ రంగు ఒక తొట్టిలో క్షేమం, పక్క తొట్టిలో చావు.

ఈ ప్రాంతంలో గ్రానైట్, నైస్ రాళ్ల పగుళ్ల నుంచి వచ్చే బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనంతో, బైకార్బనేట్‌తో గట్టిగా ఉంటాయి. అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. గాలి తగిలేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. అందుకే బోరు దగ్గర చూసిన అంకెను నమ్మకుండా, ఒక రోజు గాలి పట్టించి చూడాలి.

నీరు మార్చిన మర్నాడు జరిగే మరణాలు చాలామందిని తికమక పెడతాయి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి బాక్టీరియా సుమారు 7 గ్రాముల క్షారతను ఖర్చు చేస్తుంది. వాన నీరో ఆర్‌వో నీరో వాడేవారి తొట్టిలో పీహెచ్ మెల్లగా 6కు దిగిపోతుంది, బాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా పీహెచ్ తక్కువ కనుక చేపలు హాయిగా తిరుగుతుంటాయి. మంచి చేద్దామని సగం తొట్టి బోరు నీటితో నింపగానే పీహెచ్ ఎగసి, పేరుకున్నదంతా విషమవుతుంది.

పుస్తకాల సలహా కూడా ఇక్కడ చూసి వాడాలి. ఆక్వాపోనిక్స్‌లో పేరొందిన వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం నడిపిన తొట్లు వాన నీటివి. పీహెచ్ 7 దగ్గర నిలపడానికి వారు సున్నం, పొటాషియం హైడ్రాక్సైడ్ మార్చి మార్చి కలిపేవారు. మన బోరు నీటికి అదే పని చేస్తే చేపలను మనమే చంపుకున్నట్టు. మడిలో కడప రాయి ముక్కలు పోసినా ఇదే ఇబ్బంది, అది సున్నపురాయి. నిమ్మరసం పిండితే నురగ వస్తుంది. గ్రానైట్ కంకర మేలు. పచ్చి సిమెంటు కూడా సున్నం వదులుతుంది కనుక ఆ తొట్టిని రోజుల తరబడి నానబెట్టి కడగాలి.

మునిసిపల్ నీటిలో క్లోరిన్, ట్యాంకర్ నీటిలో బ్లీచింగ్ పౌడర్ చేపకూ బాక్టీరియాకూ రెండిటికీ చేటు.

నైట్రైట్

కొత్త తొట్టిలో మొదటి నెలన్నరలో నైట్రైట్ ముప్పు ఎక్కువ. రక్తం ఆక్సిజన్ మోయలేక మొప్పలు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి. చచ్చి చాలాసేపైన చేపలో రంగు నమ్మదగింది కాదు, కొన ఊపిరితో ఉన్నదానిలో చూడాలి. లీటరుకు అర గ్రాము కల్లుప్పు కలిపితే క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది.

పురుగుమందులు

చిన్నా పెద్దా ఒకేసారి, గిరగిరా తిరిగి, ఎగిరిపడి చనిపోతే ముందురోజు ఏం చల్లారో అడగాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామిడి పూతకు కొట్టే మందు గాలికి కొట్టుకొస్తుంది. వానల్లో దోమల పొగ, గదిలో ఆల్‌అవుట్ లాంటి ఆవిరి కూడా తక్కువవి కావు. ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీటిలోకి తోస్తుంది. వీటిలో ఉండే పైరెత్రాయిడ్లు చేపకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. మొక్కలకు వాడే వేపనూనె కూడా నిరపాయం కాదు. తిలాపియా మీద మలాథియాన్ అనే పురుగుమందు ప్రభావాన్ని తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలోనే 1980లలో పరిశోధించారు. మడి చివర నిలిచిన నీటిలో దోమ పిల్లలు ఇంకా ఆడుతుంటే పురుగుమందును కొంత పక్కన పెట్టవచ్చు.

రోగాలు

రోజుకు ఒకటీ అరా పోతూ, ఒంటి మీద పుండ్లు, చేప పేను, దూది లాంటి బూజు కనిపిస్తే రోగం. కొరమీనుకు చలికాలంలో వచ్చే ఎర్రపుండ్లు 1988లో దేశంలోకి వచ్చిన ఈయూఎస్ అనే పుండ్ల వ్యాధి కావచ్చు. మైలుతుత్తం, యాంటీబయాటిక్‌లు తొట్టిలో వేయరాదు. అవి బాక్టీరియాను దెబ్బతీసి, తినే ఆకులోకి చేరతాయి.

ముందు చేయవలసినవి

మేత ఆపాలి. స్విచ్ తీశాకే నీటిలో చేయి పెట్టాలి; మోటారు వైరు నుంచి కరెంటు కారుతుంటే చేపలతోపాటు మనిషికీ ముప్పే. చచ్చినవి తీసి, గాలి పెంచి, నీటిని సీసాలో పట్టి ఉంచుకున్నాకే మార్చాలి. కారణం తేలినట్టు అనిపించినా కొత్త పిల్లలను వెంటనే వదలకుండా, అదే నీటిని బకెట్లో పోసి నాలుగైదు చేప పిల్లలను ఒక రోజు ఉంచి చూడాలి.